పడనివి తొమ్మిది

బడి నుంచి వస్తూనే గంటసేపు గోడకి తల బాదుకుని ఏడ్చిన కూతురు అప్పుడే కుదుటపడింది. ఆటిజం ఉన్న పదకొండేళ్ళ పిల్ల. అది కొరుక్కున్న చేతికి తల్లి మందు రాస్తోంది.

“ఇవాళ ఏమైందమ్మా?”

“నాకు ఫ్రెండ్స్ దొరికారు. ముగ్గురు.”

తల్లికి ప్రాణం లేచొచ్చింది. ఆ మాట వినడం అదే మొదలు.

“ఏం ఆడుకున్నారు?”

“నాకు పడనివన్నీ రాసిమ్మన్నారు. తొమ్మిది రాశాను. చెవిలో విజిల్ ఊదడం, జుట్టు ముట్టుకోవడం, బోర్డు మీద గోళ్ళతో గీకడం...”

“రాసిస్తే?”

“అవే చేస్తారు. ఏడవకపోతే నేను గెలిచినట్టు. ఇవాళ మూడు చేశారు. మూడూ ఓడిపోయాను.”

మందు రాస్తున్న చెయ్యి ఆగిపోయింది.

“ఆ కాగితం ఎందుకిచ్చావే తల్లీ?”

“నువ్వే చెప్పావుగా, పడనివి ఫ్రెండ్స్‌కి ముందే చెప్పుకోమని.”



“ఆఖరిది ఏం రాశావు?”

“చీకటి గదిలో పెట్టి బయట గడియ వెయ్యడం. రేపు ముందు అదేనట. సామాన్ల గది తాళంచెవి సంపాదించారు.”

“రేపు నీకు బడి లేదు. నేనే వెళ్ళి మీ టీచర్‌తో మాట్లాడతాను.”

“లేదమ్మా, నేను వెళ్ళాలి. గేటు దగ్గర నాకోసం ఎదురుచూస్తామన్నారు. నాకోసం ఇంతవరకూ ఎవరూ ఎదురుచూడలేదు.”