తోక కోసిన ప్రొటీన్

హలో… ఆ, ల్యాబ్‌లోనే ఉన్నా. నేనే… గొంతు గుర్తుపట్టలేదా? ఇక్కణ్ణుంచి వెళ్ళాక ఈ మూడేళ్లలో ఒక్కసారైనా ఫోన్ చేసుంటే గుర్తుండేది.

…

క్షేమమే. ఆ పలకరింపులు వద్దులే. పనేంటో చెప్పు.

…

అక్కా గిక్కా అనకు. నీ ప్రయోగాలకి రోజూ కణాలు పెంచి ఇచ్చినన్నాళ్ళూ అక్కనే. చాడీలు చెప్పి నన్ను గ్లాసులు కడిగే గదిలోకి తోయించాక కాదు.

— చాడీ కాకపోతే ఏంటది? "అక్కకి కళ్ళు సరిగా ఆనడం లేదు సార్, ట్యూబులు కలిపేస్తోంది" అన్నది ఎవరు? ట్రే పట్టుకుని తలుపు పక్కనే ఉన్నా నేను.

… సరే, విషయానికి రా.

… ఆ, తెలుసు. వేరే ఊరి ల్యాబ్ వాళ్ళు నీ ప్రయోగం మూడుసార్లు చేశారు. నీకొచ్చింది వాళ్ళకి రాలేదు. ఆ ఉత్తరం సార్ బల్ల మీదే ఉంది.

… ఏంటీ? మళ్ళీ చెప్పు.

… అప్పట్లో ట్యూబులు నేనే తారుమారు చేశానని రాసి, సంతకం పెట్టాలా?

… ఎంత చల్లగా అడుగుతున్నావు నాయనా.

… లేదు, అరవట్లేదు. నా గొంతే అంత.

… ఎనిమిది నెలల్లో రిటైరయ్యేదాన్ని, నాకు పోయేదేముంది అంటావ్. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క ట్యూబు కూడా తప్పు పేరుతో నా చెయ్యి దాటలేదు. అది పోతుంది.

…

నాకు సైన్సు చెప్తున్నావా? డిగ్రీ లేదు, నిజమే. చేతులతో నేర్చుకున్నా. విను, తప్పుంటే దిద్దు. ఆ ప్రొటీన్ పని జీన్‌ని ఆన్ చెయ్యడం. దానికి రెండు భాగాలు, మీ మాటల్లో డొమైన్లు. ముందు భాగం వెళ్లి డీఎన్‌ఏని పట్టుకుంటుంది. వెనకున్న తోక, ఆ జీన్‌ని చదివేవాటిని పిలుచుకొస్తుంది. అంతేనా?

… అంతే. నువ్వేమన్నావ్? తోక అక్కర్లేదు, ముందు భాగం ఒక్కటే చాలన్నావ్. జర్నల్‌లో పేపర్ వేశావ్. ఆ పేపర్ పట్టుకుని పెద్ద కుర్చీ ఎక్కావ్.

నేను చేస్తే ఏం వచ్చింది? జీన్ ఆన్ అయితే వెలిగే కణాలు అవి. తోకున్నది పోస్తే వెలిగాయి. తోక కోసింది పోస్తే వెలగలేదు. రెండూ కలిపి పోస్తే ఉన్న వెలుగు కూడా పడిపోయింది. గడ్డివాము దగ్గర కుక్కలాగా, అది చోటు పట్టుకుని కూర్చుంటుంది. తను పిలవదు, పిలిచేదాన్ని రానివ్వదు. మూడుసార్లు చేశా, మూడుసార్లూ నోట్‌బుక్‌లో రాశా. నువ్వేమో నాకు కళ్ళు కనపడవన్నావ్.

— నీ చేతిలో ఎందుకు వెలగవు? మూత మీద కోసినదని రాసి, లోపల కొయ్యనిది పోస్తే.

…

ఆ, నాకు తెలుసు.

… ఎలా తెలుసంటే, ఇక్కడో పీహెచ్‌డీ పిల్ల ఉంది. నీ పేపర్ నమ్ముకుని రెండేళ్ల నుంచి దాని మీదే పడి ఉంది. ప్రొటీన్‌కి తోక తనే కోసుకుని చేసింది. వెలగదు. మళ్ళీ చేసింది, వెలగదు. తన చెయ్యే మంచిది కాదనుకుంది పాపం. పోయిన వారం గ్లాసుల గదికొచ్చి, నేను తుడిచిన బీకర్లే మళ్ళీ తుడుస్తూ కూర్చుంది. అటు తిరిగి కూర్చుంటే ఏడుస్తోందని వెంటనే తెలీలేదు నాకు.

అప్పుడు ఫ్రీజర్‌లోంచి నీ పెట్టె తీయించా. కోడి కెలికినట్టుండే నీ రాత నాకు తెలీదా? కోసినదని నువ్వు రాసిన ట్యూబులో, ఆ ప్రొటీన్‌ని తయారుచేసే డీఎన్‌ఏని అక్షరం అక్షరం చదివించడానికి పంపాం.

… నిన్న వచ్చింది. తోక మొత్తం ఉంది. ఒక్క అక్షరం పోలేదు.

… పొరపాటా? నాదైతే కళ్ళు ఆనకపోవడం, నీదైతే పొరపాటు.

… తర్వాత తెలిసిందా? ఎంత తర్వాత?

… అలా నసగకు. పేపర్ అచ్చవ్వకముందా, అయ్యాకా?

…

అవ్వకముందే.

…

ఉండు. చేతిలో బీకరు కింద పెట్టనీ.

… అంటే నేను చేసింది సరైనదని నీకు తెలుసు. తెలిసే ఆ గది దాటి వెళ్ళేవాడివి రోజూ. తలుపు దగ్గర ఆగి, "బాగున్నావా అక్కా" అని కూడా అడిగావ్ ఒకసారి.

… నీ ఉద్యోగం, నీ పిల్లల చదువులు. ఇవన్నీ అప్పుడెందుకు గుర్తు రాలేదు?

… సంతకం పెట్టకపోతే ఏం చేస్తావ్? ఆ పిల్ల ట్యూబులు పాడు చేసిందని చెప్తావా? … నాకు తెలుసు నువ్వు అక్కడికే వస్తావని. ఒకదాన్ని మింగావ్, అరిగింది. ఇంకోదాని కోసం నోరు తెరుస్తున్నావ్.

… సార్‌కి చెప్పొద్దా? చెప్పడం అయిపోయింది. పొద్దున్నే ఇచ్చాం. నా నోట్‌బుక్కూ, నిన్నటి కాగితమూ పక్కపక్కన పెట్టి.

… ఏమన్నారా? ముందు రెండుసార్లు చదివారు. తర్వాత, "నాలుగేళ్లు నీ చేత గ్లాసులు కడిగించానా" అన్నారు.

… "అవునండీ" అన్నా. ఇంకేమంటాను?

… లేదు, తిట్టలేదు నిన్ను. నీ పేరు కూడా ఎత్తలేదు. పేపర్ వెనక్కి తీసుకుంటున్నామని జర్నల్‌కి ఉత్తరం రాయించారు. కింద ఆయన సంతకం ఉంది. నీ సంతకానికి చోటు వదిలారు.

… క్షమించాలా? నీ ఫోన్ వచ్చిందగ్గర్నుంచీ వెతుక్కుంటున్నా లోపలెక్కడైనా ఉందేమోనని. లేదు.

… ఒక్క నిమిషం, సార్ తలుపు దగ్గర నిలబడ్డారు… ఆ, వస్తున్నానండీ…

… నీ గురించి కాదు. మళ్ళీ ప్రయోగాలు చెయ్యడానికి నాకు ఏ బెంచి కావాలని అడుగుతున్నారు.

… కిటికీ పక్కది చెప్పా. ఒకప్పుడు నువ్వు కూర్చున్నదే. ముందు దాన్ని శుభ్రంగా తుడుచుకోవాలి.

పెట్టేస్తున్నా.