రింగుకి కట్టిన డిగ్రీలు

"...లేటవుతంది, నాకూ తెలుసు, ఏటీ అనుకోకండి బావూ, మొదట్నుంచీ సెప్పకపోతే మీకు నమ్మకం కుదరదు కదా," అంటూ బంగార్రాజు టీ గ్లాసు బెంచీ మీద తన అన్నం డబ్బా పక్కన పెట్టాడు.

లోకో షెడ్డు ఎదురుగా అసిరమ్మ టీకొట్టు. బంగార్రాజు ఇంజను ఫైర్‌మన్. త్రినాథరావు రెస్టు రోజు చూసుకుని కర్గీ రోడ్ స్టేషను నుంచి ఇతని కోసమే వచ్చాడు. జేబులో తమ్ముడు సూర్యం మెట్రిక్ సర్టిఫికెట్ ఉంది. ఉన్నది అదొక్కటే, పోతే సూర్యం చదువు అక్కడితో సరి. బక్షీ సాహెబ్ అని ఒకాయన, మాంగనీసు కంపెనీని ఇరవయ్యేళ్లు నడిపి, ఇప్పుడు యూనివర్సిటీకి పెద్దై, బీదపిల్లల్ని సొంత ఖర్చుతో చదివిస్తున్నాడు. ఆయన బంగార్రాజుకి దోస్తట. కాగితం ఇతని చేతికిస్తే సీటు ఖాయమట. పోయినేడు పైడిరాజు కొడుకు కాగితం కూడా ఇతను ఇలాగే పట్టుకెళ్లాడు. అదింకా తిరిగి రాలేదు. ఆ పైడిరాజు ఇప్పుడు బంగార్రాజు పక్కనే కూర్చుని వింటున్నాడు.

"సాహెబ్ సెలూను, అదే, పెద్దోళ్ల స్పెషల్ పెట్టె, మా బండికి తగిలించినారు. దిగొచ్చి ఇంజను సూస్తానన్నాడు. పార సేతికిచ్చినాను. రెండు పారలు బొగ్గేసి, 'బంగార్రాజూ, కంపెనీ నడిపీసినాను గానీ యూనివర్సిటీ నడవట్లేదయ్యా' అన్నాడు."

"నీ పేరు ఆయనకెలా తెలిసింది మావా?" అన్నాడు త్రినాథరావు.

"అడ్డు రాకు! ఆ తర్వాత ఏటైందో తెలుసా? ప్రొఫెసర్లందర్నీ షెడ్డులోకి తోలించి, బాయిలర్ కడిగినట్టు కడిగీసినాం. పాత పాఠాలన్నీ తుప్పునీళ్లలాగ కారిపోనాయి!"

"అచ్ఛా!" అంది అసిరమ్మ.

"డిగ్రీలు పంచడానికి మూడ్రోజులు పడతందని సాహెబ్ ఏడుపు. బండి ఆపొద్దు సార్ అన్నాను. కుర్రోళ్లని కర్గీ రోడ్ ప్లాట్‌ఫారం మీద వరసగా నిలబెట్టి సేతులు సాపమన్నాం. అరవై మైళ్ల స్పీడు! డ్రైవరుకి దారిచ్చే టోకెన్ రింగుకి డిగ్రీ కట్టి, సెలూను కిటికీలోంచి సాహెబ్ ఒక్కొక్కడి భుజానికి తగిలిస్తంటే, వెయ్యిమంది బావూ, ఒక్క నిమిషంలో! ఓ రింగు గాలికి పెండ్రా దాకా ఎగిరెల్లి మేకలు కాసేవోడి మెడలో పడితే, ఆడిప్పుడు డాక్టరు! రేపు నన్నే యూనివర్సిటీకి పెద్దగా రమ్మంటన్నాడు సాహెబ్. ఏదీ, కాగితం ఇలాగియ్యి."

చెయ్యి చాపాడు. త్రినాథరావు జేబు గట్టిగా పట్టుకున్నాడు.

"మావా, కర్గీ రోడ్‌లో బళ్లకి ఆ రింగు అందించీది నానే. పదకొండేళ్లయింది. డ్రైవరు వెనకటి స్టేషను రింగు నాకిస్తేనే, ముందుకెల్లడానికి నా సేతిలోది వాడికిస్తాను. ఒకటి రాకుండా ఒకటిచ్చింది లేదు. నువ్వూ అలాగే కానియ్యి. ఈ సేతిలో పైడిరాజు కొడుకు కాగితం పెట్టు. ఆ సేత్తో సూర్యంది ఇస్తాను."

బంగార్రాజు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అదా... అది సాహెబ్ బీరువాలో... అసలేటైందో తెలుసా..."

"బంగార్రాజూ!" షెడ్డు గేటు దగ్గర్నుంచి, డ్యూటీకి పిలిచే కాల్‌మన్ అరిచాడు. "బిల్హా గూడ్సు బండి రెడీ! ఫైర్‌మన్ ఏడీ?"

"వస్తన్నా, వస్తన్నా!" గబుక్కున లేచి అన్నం డబ్బా కోసం చెయ్యి చాపాడు.

డబ్బా అప్పటికే పైడిరాజు ఒళ్లో ఉంది.