కోర్టు కట్టమన్న గోడ

"మామా, హైకోర్టు మీద లైట్‌హౌస్ ఉండేదంట గదా?"

ఆమా అల్లుడా! ఇప్పుడు మెరీనాలో ఉండేది తరువాత వచ్చింది. అంతకుముందు దీపం కోర్టు గుమ్మటం మీదనే. పైన ఓడలకి దారి చూపించేది, కింద మనుషులు దారి తెలీక తిరగతా ఉండేవాళ్లు. ఎర్ర ఇటుక, రంగు అద్దాలు, సుడి తిరిగే మెట్లు, యాడ చూసినా కమానులే. రాజుల కోటే అనుకో.

నాకెట్ల తెలుసా? మా నాయనా, చిన్నాయనా కొట్లాడుకున్నది ఆడనే గదప్పా. వాషర్‌మెన్‌పేట్‌లో మన తాళ్ల అంగడి లేదా, దాన్ని పంచమని చిన్నాయన కేసు వేసినాడు. కేసు వేసినా ఇల్లు ఒకటే, పొయ్యి ఒకటే. వాయిదా రోజు మా అవ్వ ఇద్దరికీ కలిపి ఒకే క్యారియర్ కట్టేది. ఇద్దరూ ఒకే బస్సులో పోయి, గేటు కాడ విడిపోయి, మధ్యాహ్నం వరండాలో కలిసి తినేవాళ్లు.

ఒకసారి వకీలు చూసి, "ఎదిరి పార్టీతో అన్నం తింటారా సార్?" అన్నాడంట.

"ఎదిరి పార్టీ ఏంది సార్, మా తమ్ముడు" అని నాయన అప్పళం విరిచి చిన్నాయన చేతిలో పెట్టినాడంట.

అవ్వకి మాత్రం ఒకటే దిగులు. ఈ పొద్దు అంగడి పంచితే రేపు పొయ్యి పంచుకుంటారని.

తీర్పు రోజు నేనూ తోడు పోయినాను. కేసు పిలిచే వేళకి చిన్నాయన కనపడలా. "వాడు లేకుండా తీర్పెట్లా వినేది?" అని నాయన లేచి బయటికొచ్చినాడు. ఆ వరండాలన్నీ ఒకే మాదిరి. వెతికి వెతికి చూస్తే, ఒక కమాను కింద పైకి చూస్తా నిలబడుండాడు.

"ఏందిరా?"

"దారి తప్పినాను అన్నా. అయినా చూడు, ఇంత లావు గోడకి మధ్యలో ఇంత ఖాళీ. పడిపోలా."

మేం పోయేసరికి తీర్పు చదివేసినారు. అంగడి చెరిసగం, నడిమధ్య గోడ.

కోర్టు మాట మీరగలమా? కట్టినాము. చిన్నాయన మేస్త్రీ పక్కన నిలబడి, గోడ మధ్యలో ఒక కమాను వేయించినాడు. కొంచెం వంకర. తలుపు పెట్టలా. వకీలొచ్చి "ఇదేంది?" అంటే నాయన, "గోడ కట్టమన్నారు, కట్టినాము. నిండా కట్టమని యాడుంది సార్?" అన్నాడు.

ఆ తరువాత పొయ్యి మాట ఎవరూ ఎత్తలా.

ఇప్పుడు అటుపక్క చిన్నాయన కొడుకు, ఇటుపక్క నేను. ఫ్యాను ఆ కమానులోనే వేలాడతా ఉండాది, గాలి చెరిసగం. సెరి, నువ్వూ మీ అన్నా కూడా అట్లే సల్లంగా ఉండండి అల్లుడా... ఆ, కోర్టు మీద గుమ్మటాలు ఎన్నంటావా, అది మాత్రం నేను లెక్కపెట్టలా...