రోడ్డు పక్క చుక్కలు

మధ్యాహ్నం మూడు గంటల వేళ, సర్వే ఆఫీసులో తలుపు దగ్గరగా వేసి ఉంది. పటం గీసే అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుంది. వలతో తేనెటీగలు పట్టి తెచ్చే పెద్దాయన కుర్చీ ఉన్నా నిలబడే ఉన్నాడు. పాపం, ఎదుటి మనిషిని నొప్పించడం ఇద్దరికీ చేతకాదు.

"అలా కాదు బాబాయ్, ఇటు చూడండి. పటంలో ఎర్రగా ఉన్నచోట మన నీలితోక ఈగ బతుకుతుంది. తెల్లగా ఉన్నచోట బతకదు. అడవి లోపలంతా తెల్లగా ఎందుకొచ్చింది?"

"కంప్యూటర్ కదమ్మా. దాని బుద్ధి దానిది."

"దానికి బుద్ధెక్కడిది? మీరు ఈగ పట్టిన చోటల్లా నేనో చుక్క పెట్టాను. అలాంటి చోట్లు ఇంకెక్కడున్నాయో వెతికి అది రంగేసింది. మొత్తం నలభై ఒక్క చుక్కలు. ముప్పైతొమ్మిది రోడ్డు పక్కనే."

"అక్కడ పూలెక్కువ."

"లోపల లేవా?"

"ఉంటాయి... ఉన్నాయి. ఫ్యాను కాస్త పెంచనా?"

"ఫ్యాను సంగతి తర్వాత. లోపలికి వెళ్లారా, లేదా?"

"ఈగలైతే నిజమైనవేనమ్మా. ఒక్కటి కూడా దొంగది కాదు."

"ఈగల్ని నేనేమన్నాను? అవెక్కడున్నాయి అని అడిగితే, ఇది మీరెక్కడ నడిచారో గీసి చూపిస్తోంది. నాలుగింటికి మీటింగ్. తెల్లగా ఉన్నచోట అడవంతా కొట్టెయ్యొచ్చని సంతకాలు పెట్టేస్తారు. ఆ చెట్ల తొర్రల్లోనే కదా అవి గూళ్లు కట్టేది?"

"తొర్రల్లోనే."

"మరి?"

"మరి... మోకాలమ్మా. రోడ్డు దిగితే నిలవదు. వలకర్ర ఊతంగా పెట్టుకుని గట్టు దాకా వెళ్తా. అంతే."

"మూడేళ్లుగానా?"

"కొంచెం అటూ ఇటూ."

"ఒక్క మాట చెప్తే ఇంకొకర్ని పంపేదాన్ని కదా!"

"పంపి, నన్నేం చేసేవారు? నడవలేనివాడి చేతికి వలెందుకు, ఇంటికి పొమ్మనేవారు. క్వార్టర్ ఖాళీ చెయ్యమనేవారు. మంచం దిగలేని మనిషిని పెట్టుకుని ఎక్కడికి పోను? మీ పిన్ని సంగతి మీకు తెలియంది కాదు."

"తెలుసు."

"ఇంకో ఏడు నెలలు ఆగితే రిటైరైపోతా. పద్ధతిగా వెళ్తే ఓ గది చూసుకునే దారైనా ఉంటుంది. గెంటేస్తే అదీ లేదు."

"ఏడు నెలలకి అక్కడ మొద్దులు కూడా మిగలవు బాబాయ్."

"పోనీ, పటం తప్పొచ్చిందని చెప్పండి. ఎందుకొచ్చిందో చెప్పకండి."

"అడగరా? ఈగకి కట్టిన ప్రతి చీటీ మీదా పట్టినవాళ్లుగా మీ పేరే. మీ పేరు చెప్పాలి, లేదంటే నోరు మూసుకుని అడవి కొట్టించాలి. పొద్దున్నుంచీ ఇదే. ఎటు తిరిగినా గోడే."

"చెప్పెయ్యండమ్మా, పోనీ. చెప్పెయ్యండి."

"అంత తేలిగ్గా అనేస్తే ఎలా? ఆగండి, ఆగండి... డ్యూటీలో తగిలిన దెబ్బైతే మిమ్మల్నెవరూ ఏమీ అనలేరు. అది రాస్తాను. ఎప్పుడు తగిలింది?"

"డ్యూటీ కాదు. ఆదివారం."

"ఆదివారం అయితేనేం, ఎక్కడ?"

"లోపలే."

"సెలవు రోజు అడవిలో మీకేం పని?"

"ఎవరో గూడు చూడాలని ముచ్చటపడితే..."

"ఎవరు?"

"పోనివ్వండమ్మా. మూడు దాటింది, మీకు మీటింగ్..."

"ఎవరు బాబాయ్? వాళ్ల చేత సాక్ష్యం చెప్పిద్దాం. లోపల ఉన్న చుక్కలు రెండే కదా, తారీఖు చూస్తే తెలిసిపోతుంది. ఇదిగో, మొదటిది బుధవారం. రెండోది... ఆదివారం. ఇది..."

"ఆ కంప్యూటర్ కట్టెయ్యండమ్మా."

"ఇది నేనొచ్చిన రోజు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎవరికీ చెప్పకుండా మీ వెంట పడి వచ్చాను. కందిరీగలు కుట్టి పడిపోయాను. కళ్లు తెరిస్తే ఆసుపత్రి. జీపులో తెచ్చారన్నారు."

"జీపు రోడ్డు మీదే ఉందమ్మా. అక్కడి దాకా మిమ్మల్ని వీపున వేసుకుని నడిచాను. లోపల నేను నడిచింది అదే ఆఖరు."