ఫ్రిజ్ మీది దుప్పటి

మామిడికాయ పప్పులో ఉప్పు తక్కువైందన్న భర్తతో వాదన ముగించి, ఆమె మజ్జిగ వడ్డించింది.

“రేపు ఆ సర్వే అమ్మాయి మళ్లీ వస్తోందండి.”

“ఊళ్లో ఇన్ని ఇళ్లుండగా మళ్లీ మనింటికేనా?”

“అవే ఇళ్లు మళ్లీ మళ్లీ చూస్తేనే ఎవరు ఎదిగారో, ఎవరు చితికారో తెలుస్తుందట. పోయినసారి రేషన్ కార్డు పోతుందని ఫ్రిజ్ మీద దుప్పటి కప్పి, లేదన్నారు మీరు.”

“ఈసారీ కప్పేస్తే సరి.”

“అప్పుడు ఏమీ మారలేదని రాసుకుంటుంది.”

“కప్పకపోతే?”

“కొత్తగా కొన్నామనుకుంటుంది. ఈలోగా రసాల మామిడితోట అమ్ముకున్నవాళ్లం, బాగుపడ్డట్టు లెక్కకెక్కుతాం.”

“నిజం చెబితే కార్డు పోదూ?”

“కార్డులకీ దీనికీ సంబంధం లేదని ఆ రోజే చెప్పింది. మీరు దుప్పటి సర్దుతూ వినలేదు.”

అతను కంచంలో చెయ్యి కడుక్కున్నాడు.

“దుప్పటి వద్దులే. ఫ్రిజ్ అప్పుడూ ఉందని నువ్వు చెప్పు. తోట అమ్మిన సంగతి నేను చెప్తాను.”