వాన పూట డివినిటీ

ఇదిగో తెస్సా, ఆ గరిటె కింద పెట్టమ్మా, ఎంత గిలక్కొట్టినా అది గట్టిపడదు. బయట వాన చూశావా? తెల్లసొనలో పాకం పోసి చేసే డివినిటీకి పొడి గాలి కావాలి తల్లీ, ఏ కాస్త చెమ్మ తగిలినా జిగురులా సాగుతుంది. నవ్వకు, నేనూ నీలాగే చేశాను, మా అమ్మ పోయిన ఏడు. ఆ మిఠాయి చూస్తే నాకు నాన్నే గుర్తొస్తాడు. నువ్వెక్కడ చూశావులే మా నాన్న ఓర్వల్‌ని! పిండిమిల్లులో బస్తాలు మోసిన మనిషి, ఇంత మీసం, హాలోవీన్ వచ్చిందంటే చాలు, పసిపిల్లాడే. మేం ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకున్న సంచుల్లో చాక్లెట్లు మాయం. అక్కణ్ణుంచి క్రిస్మస్ దాకా నోరు కట్టుకోలేకపోయేవాడు. మా అమ్మ లియోటా చేసిందల్లా దాచేది, పిండి డబ్బాలో, పియానో వెనక, ఓసారి చర్చి కొవ్వొత్తుల పెట్టెలో, దేవుడు క్షమించాలి. ఎక్కడ దాచినా నాన్న పట్టేసేవాడు. "చీమలకి చెప్పి దాస్తావేంటే లియోటా, అవి నాతో చెప్పేశాయి" అనేవాడు మూతి తుడుచుకుంటూ. "నలుగురు పిల్లలూ పెద్దవాళ్లయ్యారు, ఈ అయిదోవాడే ఎదగడు" అనేది అమ్మ.

ఏం చెబుతున్నాను? ఆఁ, ఆ సెప్టెంబరులో అమ్మ పోయింది. నాన్నకి ముద్ద దిగడం మానేసింది. హాలోవీన్‌కి పళ్లెం నిండా చాక్లెట్లు పెట్టాను, ముట్టలేదు. థాంక్స్‌గివింగ్ పండక్కి పెకాన్ పప్పుల తీపిరొట్టె పెడితే ఆ ముక్క కుక్క తింది. బెల్టుకి మేకుతో కొత్త కంత పొడుచుకున్నాడు. "ఒంట్లో రోగం లేదమ్మా, కానీ ఇలాగే ఉంటే వసంతం చూడడు" అన్నాడు డాక్టరు. రోజూ మోకాళ్ల మీద పడేదాన్ని. ప్రభువా, ఒక్క ముద్ద, అంతే, అని.

డిసెంబరులో చర్చి సంతకి డివినిటీ చేసే వంతు ఎప్పుడూ అమ్మదే, ఆ ఏడు నా నెత్తిన పడింది. ఇలాంటి వానే. కొట్టీ కొట్టీ చేతులు పడిపోయాయి, గిన్నెలో జావ. సరిగ్గా అప్పుడే మా పాస్టరుగారి భార్య మిసెస్ ప్రూయిట్ మిఠాయి కోసం గుమ్మంలో దిగింది! సిగ్గేసి గిన్నె తీసుకెళ్లి వెనక గదిలో బట్టలుతికే మెషీన్లో తువ్వాళ్ల కింద పెట్టేశాను. "ఇంకా చెయ్యలేదండీ" అన్నాను. "ఫర్వాలేదమ్మా, నాన్నగారెలా ఉన్నారు?" అంటోందావిడ, ఇంతలో వెనక గదిలో టంగు టంగుమని చెంచా చప్పుడు. చూద్దుము కదా, నాన్న! గిన్నె చంకలో, మీసమంతా తెల్లగా. "వాన పూట చేశావేమే లోయిస్? మీ అమ్మ ఆకాశం చూడందే గుడ్డు పగలగొట్టేది కాదు." అమ్మని మట్టిలో పెట్టొచ్చాక ఆవిడ మాటెత్తడం అదే మొదలు. మళ్లీ చెంచా నాకి, "మిగతాది ఎక్కడ దాచావు?" అన్నాడు. "చెయ్యని మిఠాయేనా ఆ మీసానికంటింది?" అని నవ్వి, మిసెస్ ప్రూయిట్ కళ్లు మూసుకుని, "ప్రభువా, నీకు స్తోత్రం" అంది. నా గుండెల మీంచి మిల్లు బస్తా దించినట్టయింది.

పెట్టేవాళ్లం ఇంటినిండా ఉన్నాం, తెస్సా. దాచేవాళ్లే లేకపోయారు. ఇక ఆయన ఉన్నన్నాళ్లూ ప్రతి శీతాకాలం దాచాను. కళ్లు కనపడని ఆఖరి ఏడు కూడా తడుముకుంటూ వెళ్లి పట్టేశాడు, మొండిఘటం...

ఉష్, మెట్ల మీద మీ తాతయ్య బూట్ల చప్పుడు. ఆ గిన్నె ఇలా తే. తువ్వాళ్లెక్కడ?