పరదా ముందర మింగిన మాట

వద్దు బీబమ్మా, నాకు చాయ్ వద్దు. పరదా కిందికెళ్లి కప్పు జరిపిన్రు గనీ, నేను ముట్ట. షుక్రియా చెప్తరా నాకు? దేనికి? సచ్చిన మీ కుక్కకు నేను చేసిన సేవకా!

లోపలికి పోకుండ్రి. జెర ఇనుండ్రి.

మీ పహిల్వాన్‌ను కుక్కపిల్లగున్నప్పుడు మా పశువుల దవాఖానకు తెచ్చిన్రు, యాదుందా? ఏడేండ్లాయె. మీ ఆయన వలీ సాబ్ దుకాణం ఇడిసి రాలే. టాంగా పరదా లోపల మీరు, బయట కంపౌండర్ నేను. దొర డాక్టరు కుక్కను తడిమి చూసి ఇంగ్లీషుల అన్నడు: "దేవసహాయం, ఒకటే కిందికి దిగింది. రెండోది కడుపుల్నే ఉండిపోయింది. పెద్దగైనంక గడ్డ కడ్తది. ఇప్పుడే కోసి తీసేద్దాం, ఆమెకు తెలుగుల చెప్పు."

నేనేం చెప్పిన? "కుక్క మంచిగున్నది, తీస్కపోండ్రి" అన్న. దొరతోని "ఆమె ఒప్పుకుంటలేదు సార్" అన్న. రెండు దిక్కుల అబద్ధమే!

ఏం జెయ్యాలె మరి? పరదాల ఉన్న ఆడమనిషికి మగకుక్క ఆ భాగం సంగతి ఎట్ల చెప్పాలె? ఆదివారం చర్చిల నిలబడి బైబిల్ చదివేటోన్ని. నోరు రాలే.

వలీ సాబ్‌కైన చెప్పొచ్చు గదా అంటరు. మోండా మార్కెట్ల వారం వారం కనపడేటోడు. చెప్తే నా అబద్ధం బయటపడ్తదని సలాం కొట్టి తప్పించుకున్న. ఆయన పోయిండు. ఆయన మంచం కింద పండుకునే ఆ కుక్కే మీకు మిగిలింది.

పోయినేడు దాని బొచ్చు రాలుడు షురూ అయింది. మగకుక్కకు రొమ్ములు ఉబ్బినయ్. బన్సీలాల్‌పేట మగకుక్కలన్నీ దాని ఎంటనే. గల్లీ జనం "పహిల్వానమ్మా" అని నవ్విన్రు. మీరు పరేషానై నన్ను పిలిపిస్తే, చూడంగనే సమజైంది. గిట్లనే అయిన ఇంకో కుక్కను అంతకుముందు దవాఖానల కోస్తే, లోపల కొబ్బరికాయంత గడ్డ ఉండె. దొర సీమకు పోయిండు, నిజమే. కొత్త డాక్టరు ఉన్నడు గదా! నేనేమో గజ్జి అని చెప్పి మలాం ఇచ్చిన. ఎనిమిది నెలలు మలాం!

పోయిన నెల యూనియన్ ఫౌజు వచ్చి కర్ఫ్యూ పెట్టేనాటికి దాని చిగుళ్లు సున్నం లెక్క తెల్లబడ్డయ్. కడుపు మీద చెయ్యి పెడితే గడ్డ తగిలింది. కర్ఫ్యూ లేకుంటే దవాఖానకు పోయి బతికేటిదని మీరు ఫౌజును తిడ్తున్నరు.

ఫౌజు కాదు బీబమ్మా. నేను.

నేను మింగిన మాట ఏందనా? చెప్తా, ఇప్పుడన్న చెప్తా. దాని... దాని వట్ట. ఒకటి లోపల్నే ఉండిపోయింది. గంతే.

ఏమన్నరు? కపూరనా? వట్టను మీరు గట్లంటరా?

బక్రీదుకు మేక కపూరలు మీ చేత్తోనే కోసి కూర వండుతరా? గీ మాటకా సిగ్గువడ్డవ్ అంటున్నరా?

అవును బీబమ్మా. గీ మాటకే చంపిన.